ఇల్లు న్యూజెర్సీలో, ఆఫీసు న్యూయార్క్‌లో: స్టేట్ ట్యాక్స్ ఎవరికి కట్టాలి?

హైదరాబాద్‌లో ఇల్లున్న మనిషి బెంగళూరు కంపెనీకి పనిచేసినా ఆదాయపు పన్నులో తేడా ఏమీ రాదు. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను వేసే అధికారం మన రాజ్యాంగం కేంద్రానికే ఇచ్చింది. రాష్ట్రం జీతంలోంచి తీసుకునేది వృత్తి పన్ను ఒక్కటే, అది కూడా ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. ఈ అలవాటుతో అమెరికా వచ్చినవాళ్లకు ఫెడరల్ (కేంద్ర) రిటర్న్ ఒక్కటే అసలు పని, స్టేట్ రిటర్న్ దాని వెనకాల వచ్చే లాంఛనం అనిపిస్తుంది. ఒకే రాష్ట్రంలో ఉంటూ అక్కడే పనిచేసినంతకాలం అలా అనుకున్నా నష్టం లేదు.

ఎడిసన్‌లో ఇల్లు, మన్‌హట్టన్‌లో ఆఫీసు అయిన ఏడాది చిక్కు మొదలవుతుంది. జనవరి చివర్లో కంపెనీ ఇచ్చే ఏడాది జీతం లెక్క, డబ్ల్యూ-2 ఫారంలో 15వ గడిలో ఒక్కోసారి రెండు రాష్ట్రాల పేర్లుంటాయి. పక్కన 16వ గడిలో రెండింటికీ పూర్తి జీతమే రాసి ఉంటుంది. సంపాదించింది ఒక్క జీతం, కాగితం మీద రెండు. ఇది చూసి టెన్షన్ పడనివాళ్లు తక్కువ.

ముందే చెప్పాల్సిన మాట: చాలా సందర్భాల్లో ఒకే జీతం మీద రెండు రాష్ట్రాలకూ పూర్తి పన్ను కట్టక్కర్లేదు. రెండింటిలో ఏ రాష్ట్రం లెక్క ఎక్కువ వస్తే, మొత్తం మీద దాదాపు అంతే మీ జేబులోంచి పోతుంది. ఆ డబ్బు ఎవరికి ఎంత చేరాలన్నది రాష్ట్రాల మధ్య తగవు. ఫారాలన్నీ ఆ తగవు తీర్చడానికి పుట్టినవే. నిజంగా రెండుసార్లు కట్టే ప్రమాదం ఆ రాష్ట్రాల చట్టాలు ఒకదానితో ఒకటి సరిగ్గా అతకని చోట్ల ఉంది. అలాంటి చోట్లు కొన్నే, కానీ మనవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే ఉన్నాయి.

రెండు హక్కులు

రాష్ట్రం మీ ఆదాయం మీద పన్ను అడగడానికి రెండు కారణాలు చూపించగలదు. ఒకటి, మీరు అక్కడ నివాసి కావడం. నివాసి అయితే మీ ఆదాయం ప్రపంచంలో ఎక్కడ వచ్చినా ఆ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది. రెండోది, ఆ ఆదాయం అక్కడ పుట్టడం. జీతం విషయంలో పుట్టడం అంటే మీరు భౌతికంగా కూర్చుని పనిచేసిన చోటు. కంపెనీ హెడ్ ఆఫీసు ఎక్కడుంది, పేరోల్ ఎక్కడి నుంచి నడుస్తోంది, జీతం ఏ బ్యాంకులో పడుతోంది అన్నవి మామూలుగా లెక్కలోకి రావు. ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇది పాత గొడవే. న్యూయార్క్ 1919లో ఆదాయపు పన్ను మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే కనెక్టికట్‌లో, న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్‌లో పనిచేసేవాళ్ల జీతాల వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బయటివాళ్లు తన రాష్ట్రంలో సంపాదించినదాని మీద న్యూయార్క్ పన్ను వేయవచ్చు, కానీ తన నివాసులకు ఇచ్చే మినహాయింపులు వాళ్లకు నిరాకరించకూడదని 1920లో కోర్టు తేల్చింది. రోజూ నది దాటి పనికి వెళ్లేవాళ్ల మీద న్యూయార్క్‌కు ఉన్న హక్కుకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉందన్నమాట.

ఇక్కడే ఒక అపోహ సంగతి చూడాలి. “183 రోజులు దాటకపోతే పన్ను లేదు” అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంది. 183 రోజుల లెక్క మిమ్మల్ని నివాసిగా చూడాలా వద్దా అని తేల్చడానికి వాడే కొలతల్లో ఒకటి. అక్కడ పనిచేసి సంపాదించిన జీతం మీద పన్నుకు దానితో సంబంధం లేదు. చాలా రాష్ట్రాల్లో చట్టప్రకారం మొదటి రోజు నుంచే పన్ను వర్తిస్తుంది. ఇల్లినాయ్ లాంటివి 30 పనిదినాల వరకు బయటివాళ్లను వదిలేస్తాయి. దేశమంతటికీ అలాంటి 30 రోజుల నియమం తేవాలని కాంగ్రెస్‌లో బిల్లులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి, చట్టం మాత్రం కాలేదు.

న్యూజెర్సీ, న్యూయార్క్ లెక్క

ఈ రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఏమీ లేదు. కాబట్టి న్యూయార్క్‌లో పనిచేసే న్యూజెర్సీ నివాసి రెండు రిటర్న్‌లూ వేయాల్సిందే. ముందు న్యూయార్క్‌కు నాన్‌రెసిడెంట్ రిటర్న్, ఐటీ-203. ఆ తర్వాత న్యూజెర్సీకి రెసిడెంట్ రిటర్న్, ఎన్‌జే-1040. ఈ వరుస తప్పకూడదు. ఎందుకంటే న్యూయార్క్‌కు చివరికి తేలిన పన్ను ఎంతో తెలిస్తేనే న్యూజెర్సీలో క్రెడిట్ (అక్కడ కట్టినందుకు ఇక్కడి పన్నులో తగ్గించే మొత్తం) లెక్క వేయగలం. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో నివాస రాష్ట్రాన్ని ముందు పూర్తి చేసి, క్రెడిట్ సున్నా చూపించిందని కంగారు పడేవాళ్లు చాలామంది. అక్కడ తప్పు వరుసదే.

క్రెడిట్ ఎలా పనిచేస్తుందో అంకెల్లో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండాలని ఇవి ఊహించి వేసిన అంకెలు. జీతం మొత్తం న్యూయార్క్‌లోనే వచ్చింది. దాని మీద న్యూయార్క్ పన్ను 7,000 డాలర్లు, అదే జీతం మీద న్యూజెర్సీ లెక్క 4,500. న్యూజెర్సీ మీకు 4,500 వరకే క్రెడిట్ ఇస్తుంది, 7,000 ఇవ్వదు. న్యూజెర్సీకి కట్టాల్సింది సున్నా అవుతుంది. మిగిలిన 2,500ను ఎవరూ వెనక్కి ఇవ్వరు. తిరగేసి చూడండి: ఇల్లు న్యూయార్క్‌లో, ఆఫీసు న్యూజెర్సీలో. న్యూజెర్సీ పన్ను 4,000, న్యూయార్క్ లెక్క 6,500 అనుకుందాం. 4,000 అక్కడ కట్టి, క్రెడిట్ పోను 2,500 న్యూయార్క్‌కు కడతారు. రెండు కేసుల్లోనూ మీ మొత్తం భారం ఎక్కువ వచ్చిన అంకె దగ్గరే ఆగింది. క్రెడిట్ వచ్చేది చివరికి తేలిన పన్ను మీద. డబ్ల్యూ-2లో విత్‌హోల్డ్ చేసిన (జీతంలోంచి ముందే పట్టుకున్న) మొత్తాన్నే పన్నుగా రాస్తే తప్పు, అందులో కొంత న్యూయార్క్ రిఫండ్‌గా వెనక్కి ఇచ్చి ఉండవచ్చు కదా.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే కథ ఇంకొంచెం ముదురుతుంది. భర్త న్యూయార్క్‌లో 1,20,000 డాలర్లు, భార్య న్యూజెర్సీలో 80,000 సంపాదిస్తున్నారనుకుందాం. ఆమె ఏడాదంతా రెండు రాష్ట్రాల మధ్య ఉన్న హడ్సన్ నది దాటి ఎరగదు. అయినా జాయింట్‌గా ఫైల్ చేస్తే న్యూయార్క్ ముందు ఇద్దరి 2,00,000 మీదా, వాళ్లు అక్కడి నివాసులే అయినట్టు, పన్ను లెక్కిస్తుంది. తర్వాత అందులో న్యూయార్క్ వాటాగా 60 శాతం అడుగుతుంది. అంటే ఆమె జీతం మీద నేరుగా పన్ను వేయలేదు, కానీ ఆ జీతం వల్ల ఆయన జీతం పై శ్లాబులోకి వెళ్లింది. ఇది అన్యాయం అనిపించినా చట్టబద్ధమే. బయటివాళ్ల విషయంలో న్యూజెర్సీ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది.

ఈ దంపతులకు అసలు దెబ్బ న్యూజెర్సీ వైపు నుంచి తగులుతుంది. న్యూజెర్సీ ఇచ్చే క్రెడిట్ ఆయన వాటా 60 శాతం మీదే. మిగిలిన 40 శాతానికి పన్ను కట్టాలి, అదీ ఉమ్మడి ఆదాయం శ్లాబు రేటుతో. ఆమె కంపెనీ మాత్రం ఏడాదంతా 80,000 జీతం ఒక్కదాన్నే చూసి తక్కువ రేటుతో విత్‌హోల్డ్ చేస్తూ వచ్చింది. ఏప్రిల్‌లో న్యూజెర్సీకి బకాయి కనిపిస్తుంది. బకాయి 400 డాలర్లు దాటేలా ఉంటే మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ (ముందస్తు పన్ను) కట్టాలన్నది న్యూజెర్సీ నియమం. అది కట్టకపోతే వడ్డీ కూడా తోడవుతుంది. పెళ్లయిన మొదటి ఏడాది చాలా జంటలకు ఇది అనుకోని ఖర్చు. ఆమె కంపెనీ పేరోల్‌కు చెప్పి విత్‌హోల్డింగ్ కొంచెం పెంచుకుంటే సరిపోతుంది.

రిమోట్ రోజులున్నవాళ్లు ఇంకో విషయం గమనించాలి. న్యూయార్క్ నియమం ప్రకారం 16వ గడిలో కంపెనీ పూర్తి ఫెడరల్ జీతాన్నే రాస్తుంది. మీరు అక్కడ సగం రోజులే పనిచేసినా అంకె మారదు. అది చూసి డబ్ల్యూ-2 తప్పు అనుకోవద్దు. పనిదినాల లెక్క చూపించాల్సింది మీరు, దానికి ఐటీ-203-బీ అన్న ఫారం ఉంది. శని, ఆదివారాలు, సెలవులు, జబ్బు చేసిన రోజులు తీసేసి, మిగిలిన పనిదినాల్లో న్యూయార్క్‌లో గడిపినవెన్నో రాయాలి. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్ని ఏ వైపు వేయాలన్నదే పెద్ద ప్రశ్న. ఇక న్యూయార్క్ నగర పన్ను గురించి బెంగ అక్కర్లేదు. నగరంలో నివసించనివాళ్ల జీతం మీద వేసే పన్ను 1999లోనే పోయింది.

ఇంట్లో కూర్చున్నా న్యూయార్క్ పన్నే

పైన చెప్పిన పెద్ద మినహాయింపు ఇదే. ‘కన్వీనియెన్స్ ఆఫ్ ది ఎంప్లాయర్’ రూల్ అంటారు. న్యూయార్క్ ఆఫీసుకు కేటాయించిన ఉద్యోగి వేరే రాష్ట్రంలో తన ఇంటి నుంచి పనిచేస్తే, అది కంపెనీకి తప్పనిసరి అయితేనే బయటి రోజుగా ఒప్పుకుంటారు. ఉద్యోగి సౌకర్యం కోసం అయితే ఆ రోజు కూడా న్యూయార్క్‌లో పనిచేసిన రోజే. మీ మేనేజర్ వారానికి మూడు రోజులు ఇంటి నుంచి చేసుకోమని ఈమెయిల్ పెట్టినంత మాత్రాన అది కంపెనీ అవసరం అయిపోదు. ఇంట్లో ఉన్నది కంపెనీ తాలూకు నిజమైన ఆఫీసు అని రుజువు చేయాలి. ఆ పరీక్ష మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నెగ్గేది కాదు. కోవిడ్ కాలంలో ఆఫీసులే మూసేసినా న్యూయార్క్ ఈ రూల్ వదలలేదు.

రెండు కేసులు చూస్తే ఇది ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ కనెక్టికట్‌లో ఉండే న్యాయశాస్త్ర ప్రొఫెసర్. మన్‌హట్టన్‌లోని కార్డోజో లా స్కూల్లో కొన్ని రోజులు పాఠాలు చెప్పి, మిగతా రోజులు ఇంట్లో రాసుకునేవాడు. ఇంటి రోజుల మీద కూడా న్యూయార్క్ పన్ను అడిగింది. ఆ రోజులు మా రాష్ట్రంలో పనిచేసినవే కదా, క్రెడిట్ ఎందుకివ్వాలని కనెక్టికట్ అంది. అలా ఒకే జీతం మీద నిజంగానే రెండు పన్నులు పడ్డాయి. 2003లో న్యూయార్క్ అత్యున్నత కోర్టులో ఆయన ఓడిపోయాడు. పన్ను చట్టాలే పాఠంగా చెప్పే మనిషికే ఆ గతి.

రెండో వ్యక్తి థామస్ హకబీ, కంప్యూటర్ ప్రోగ్రామర్. టెనెసీలో ఉంటూ న్యూయార్క్ సంస్థకు పనిచేశాడు. పనివేళల్లో పావు వంతే న్యూయార్క్‌లో గడిపాడు కాబట్టి జీతంలో పావు వంతుకే పన్ను కడతానన్నాడు. న్యూయార్క్ నూటికి నూరు శాతం అడిగింది. 2005లో కోర్టు 4-3 తేడాతో న్యూయార్క్ పక్షాన తీర్పిచ్చింది. టెనెసీలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, కాబట్టి క్రెడిట్ ఇచ్చేవాళ్లే లేరు. న్యూయార్క్ కంపెనీలో ఉద్యోగం అలాగే ఉంచుకుని టెక్సాస్‌కో ఫ్లోరిడాకో మారితే స్టేట్ ట్యాక్స్ ఉండదనుకునేవాళ్లు హకబీ కేసు ఒకసారి తెలుసుకోవడం మంచిది. అలా మారదలచుకుంటే, పదవి ఏ ఆఫీసుకు కేటాయించి ఉందో హెచ్ఆర్‌తో రాతపూర్వకంగా మార్పించుకోవాలి. ఆ పైన న్యూయార్క్‌లో అడుగుపెట్టి పనిచేయకుండా ఉండాలి.

న్యూయార్క్ ఒక్కటే కాదు, డెలావేర్, నెబ్రాస్కా, పెన్సిల్వేనియా చట్టాల్లో కూడా ఇలాంటి నియమాలున్నాయి. న్యూజెర్సీ ఏళ్ల తరబడి కడుపు మండి, 2023 జులైలో ఎదురుదెబ్బ తీసింది. ఏ రాష్ట్రం మా వాళ్ల మీద ఇలాంటి రూల్ వాడుతుందో, ఆ రాష్ట్రం వాళ్లు న్యూజెర్సీ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తే మేమూ అదే రూల్ వాడతాం అని చట్టం చేసింది. దాన్ని ఆ ఏడాది మొదటి నుంచే వర్తింపజేసింది. అదే చట్టంలో మరో ఆసక్తికరమైన అంశం ఉంది. న్యూయార్క్ మీద పోరాడి ఇంటి రోజుల పన్ను వెనక్కి తెచ్చుకున్న నివాసికి, ఆ కారణంగా న్యూజెర్సీకి కొత్తగా పడే పన్నులో సగం క్రెడిట్‌గా ఇస్తారు. మీరు వెళ్లి కొట్లాడండి, మేం వెనకుంటాం అన్నట్టుంది. ప్రస్తుతానికి న్యూజెర్సీ నివాసులకు ఒక ఊరట ఉంది. ఈ రూల్ కింద న్యూయార్క్‌కు కట్టినదానికి కూడా న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తోంది, కాబట్టి జెలిన్‌స్కీ పరిస్థితి వీళ్లకు రాదు.

సుప్రీంకోర్టు ఈ తగవు తేలుస్తుందని ఆశపడ్డవాళ్లకు 2021లో నిరాశే మిగిలింది. కోవిడ్ సమయంలో మసాచుసెట్స్ తాత్కాలికంగా ఇలాంటి నియమమే తెస్తే, న్యూ హాంప్‌షైర్ నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది. న్యూజెర్సీ, కనెక్టికట్ దానికి మద్దతుగా నిలిచాయి. కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

ఒక్క కాగితంతో తీరిపోయే చోట్లు

అన్ని సరిహద్దులూ ఇంత కఠినంగా ఉండవు. కొన్ని రాష్ట్రాలు పరస్పరం ఒప్పందం చేసుకున్నాయి: మీ నివాసులు మా దగ్గర సంపాదించిన జీతం మీద మేం పన్ను అడగం, మా వాళ్లను మీరు అడగొద్దు అని. న్యూజెర్సీకి పెన్సిల్వేనియాతో 1970ల నుంచి అలాంటి ఒప్పందం ఉంది. 2016లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ దాన్ని రద్దు చేస్తానని ప్రకటించి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గాడు. వర్జీనియా, మేరీల్యాండ్, వాషింగ్టన్ డీసీ మధ్య కూడా అంతే. యాష్‌బర్న్‌లో ఇల్లుండి డీసీలో పనిచేసేవాళ్లు వర్జీనియాకు మాత్రమే కడతారు. డీసీకైతే బయటివాళ్ల ఆదాయం మీద పన్ను వేసే అధికారమే కాంగ్రెస్ ఇవ్వలేదు. ఇల్లినాయ్‌కి విస్కాన్సిన్, మిషిగన్, అయోవా, కెంటకీలతో ఒప్పందం ఉంది.

ఒప్పందం దానంతట అది అమల్లోకి రాదు. కంపెనీకి మీరు ఫారం ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో పనిచేసే న్యూజెర్సీవాళ్లయితే ఆర్ఈవీ-419. ఇవ్వకపోతే కంపెనీ పని ఉన్న రాష్ట్రానికే డబ్బు కట్ చేస్తూ పోతుంది. అప్పుడు ఆ రాష్ట్రానికి నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేసి మొత్తం రిఫండ్ తెచ్చుకోవాలి, నివాస రాష్ట్రానికి పూర్తి పన్ను చేతి నుంచి కట్టాలి. ఇంకో మెలిక: ఒప్పందం జీతానికే. సొంత ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టుకుని సీ2సీ (కంపెనీకి కంపెనీ) పద్ధతిలో కాంట్రాక్టులు చేసేవాళ్ల వ్యాపార ఆదాయానికి, అద్దెలకు అది వర్తించదు.

నగరాల సంగతి వేరు. ఫిలడెల్ఫియా తన హద్దుల్లో పనిచేసే బయటివాళ్ల జీతం మీద కూడా వేజ్ ట్యాక్స్ వేస్తుంది, 2025 జులై నుంచి బయటివాళ్లకు అది 3.43 శాతం. రాష్ట్రాల ఒప్పందం దీన్ని ఆపదు. న్యూజెర్సీలోని చెర్రీ హిల్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్లే ఉద్యోగి పెన్సిల్వేనియా రాష్ట్రానికి ఏమీ కట్టడు, ఫిలడెల్ఫియా నగరానికి కడతాడు, దానికి న్యూజెర్సీలో క్రెడిట్ తీసుకుంటాడు. ఈ క్రెడిట్ అడగడం మరిచిపోయేవాళ్లు ఉన్నారు, అది కొన్ని వేల డాలర్ల మాట కావచ్చు.

వరుస తిరగబడే చోట్లు కూడా ఒకటి రెండున్నాయి. అరిజోనా, ఆరెగన్, వర్జీనియా నివాసులు కాలిఫోర్నియాలో పనిచేస్తే క్రెడిట్ ఇచ్చేది నివాస రాష్ట్రం కాదు, కాలిఫోర్నియా.

పన్ను లేని రాష్ట్రంలో ఉంటే

టెక్సాస్, ఫ్లోరిడా, నెవాడా, టెనెసీ, వాషింగ్టన్ లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. అక్కడ ఉండి అక్కడే పనిచేస్తే రిటర్న్ బాధే లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వ్యాంకూవర్‌లో ఇల్లు కొనుక్కుని పోర్ట్‌లాండ్ వైపు ఆఫీసుకు వెళ్తే మాత్రం ఆరెగన్ పన్ను తప్పదు. క్రెడిట్ ఇవ్వడానికి వాషింగ్టన్‌లో పన్నే లేదు. ఇంటి నుంచి పనిచేసిన రోజులకు మాత్రం మామూలు ఉద్యోగి ఆరెగన్‌కు కట్టనక్కర్లేదు.

డల్లాస్‌లో ఉంటూ కాలిఫోర్నియా కంపెనీకి పనిచేసేవాళ్ల సంగతి న్యూయార్క్‌కు పూర్తిగా విరుద్ధం. కాలిఫోర్నియా చేసిన పని ఎక్కడ జరిగిందనే చూస్తుంది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మీ ఇంట్లో కూర్చుని చేసిన పనికి వాళ్లకు ఏమీ రాదు. పేస్టబ్‌లో కాలిఫోర్నియా పేరుతో డబ్బు కట్ అవుతుంటే అది పేరోల్ పొరపాటు, వెంటనే చెప్పి ఆపించాలి.

ఆర్ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) దగ్గర కాలిఫోర్నియా ఊరికే వదలదు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉండగా షేర్లు గ్రాంట్ అయ్యాయి (ఇస్తామని కంపెనీ రాసిచ్చింది), రెండేళ్ల తర్వాత టెక్సాస్‌లోని ఆస్టిన్ మారారు, మరో రెండేళ్లకు వెస్ట్ అయ్యాయి (మీ సొంతమయ్యాయి). గ్రాంట్ నుంచి వెస్ట్ వరకు ఉన్న పనిదినాల్లో ఎన్ని కాలిఫోర్నియాలో గడిచాయో, ఆ నిష్పత్తిలో ఆదాయం కాలిఫోర్నియాది. వెస్ట్ అయిన రోజు మీరు ఆ రాష్ట్రంలో లేకపోయినా సరే. అందుకే టెక్సాస్ మారిన తర్వాత కూడా కొన్నేళ్లు కాలిఫోర్నియా నాన్‌రెసిడెంట్ ఫారం 540ఎన్ఆర్ వేయాల్సి రావచ్చు. బోనస్‌ది కూడా ఇదే తర్కం, ఏ పనికి ఇచ్చారో ఆ పని చేసిన చోటే దాని పుట్టుక.

కన్సల్టెన్సీ ఉద్యోగాల చిక్కు

ఇది మనవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం. హెచ్-1బీ వేసిన కంపెనీ న్యూజెర్సీలో, క్లయింట్ నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. మనిషి అపార్ట్‌మెంట్ తీసుకుని షార్లెట్‌లోనే ఉంటాడు. చిన్న కంపెనీ పేరోల్ మాత్రం అలవాటు కొద్దీ న్యూజెర్సీకే విత్‌హోల్డ్ చేస్తూ పోతుంది. ఆ జీతం మీద న్యూజెర్సీకి హక్కు లేదు. నార్త్ కరోలినాకు నివాసిగా, పని జరిగిన చోటుగా రెండు విధాలా హక్కుంది. న్యూజెర్సీ నుంచి నాన్‌రెసిడెంట్ రిటర్న్‌తో రిఫండ్ తెచ్చుకోవాలి, ఆలోగా నార్త్ కరోలినాకు బకాయి, దాని మీద వడ్డీ కట్టాలి. న్యూజెర్సీ వాళ్లు డబ్ల్యూ-2లో మా రాష్ట్రం ఉంది కదా, వివరణ ఇవ్వండి అంటారు. కంపెనీ చేత సరిదిద్దిన డబ్ల్యూ-2సీ ఇప్పించుకోవడం శుభ్రమైన దారి. అడిగితే ఇబ్బంది పడతామేమోనని చాలామంది అడగరు.

ఇది పన్నుతో ఆగే విషయం కాదు. హెచ్-1బీ పిటిషన్‌కు ఆధారంగా కార్మిక శాఖకు కంపెనీ ఇచ్చే ఎల్‌సీఏ దరఖాస్తులో పనిచేసే చోటు రాసి ఉంటుంది. వేరే మెట్రో ప్రాంతానికి మారితే పిటిషన్ సవరించాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేల్చారు. ఎల్‌సీఏలో షార్లెట్, డబ్ల్యూ-2లో న్యూజెర్సీ ఉంటే, రేపు పొడిగింపుకో గ్రీన్‌కార్డుకో కాగితాలు పెట్టేటప్పుడు ఆ తేడాకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

నివాసి అంటే ఎవరు

వీసాకూ రాష్ట్ర నివాసానికీ సంబంధం లేదు. హెచ్-1బీ మీద ఉన్నా మీరు న్యూజెర్సీ నివాసి కావచ్చు. ప్రతి రాష్ట్రం మొదట చూసేది మీ స్థిరనివాసం: తిరిగి వెళ్లి ఉండాలనుకునే ఇల్లు ఏది, కుటుంబం ఎక్కడుంది, పిల్లల బడి, లైసెన్స్, ఓటర్లయితే ఓటు. రెండోది, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల, ఏడాది పొడవునా వాడుకోగలిగిన ఇల్లు ఉండి 183 రోజులు మించి గడిపితే నివాసిగా లెక్కగట్టడం. వారంలో నాలుగు రోజులు ఆఫీసు దగ్గర చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండి, వారాంతాలు వేరే రాష్ట్రంలో కుటుంబం దగ్గర గడిపేవాళ్లు ఇందులో ఇరుక్కుంటారు. అప్పుడు రెండు రాష్ట్రాలూ మావాడే అంటాయి. జీతానికి క్రెడిట్ దొరకవచ్చు కానీ, వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభాల మీద రెండు చోట్లా పూర్తిగా కట్టే పరిస్థితి రావచ్చు.

జాన్ గయెద్ అనే న్యూజెర్సీ వ్యక్తికి న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో వ్యాపారం, దగ్గర్లోనే ఒక ఇల్లు ఉండేవి. ఆ ఇంట్లో ఉండేది ఆయన తల్లిదండ్రులు. ఇల్లు నీదే, రోజులూ దాటాయి కాబట్టి నివాసివే అంది న్యూయార్క్. ఆయన సొంతంగా అక్కడ నివసించకపోతే అది ఆయన నివాసం కాదని 2014లో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అమ్మానాన్నల కోసం వేరే రాష్ట్రంలో ఇల్లు కొనేవాళ్లకు ఈ తీర్పు పనికొస్తుంది.

న్యూజెర్సీలో ఉంటూ డల్లాస్‌లోని ఫ్రెండ్ ఇంటి అడ్రస్ కంపెనీకి ఇచ్చి పన్ను తప్పించుకునే తెలివితేటలు కొందరు చూపిస్తారు. ఆడిట్ వస్తే అడిగేవి టోల్ రికార్డులు, ఫోన్ రికార్డులు, ఆఫీసు కార్డు స్వైపులు. అబద్ధపు అడ్రస్ వాటి ముందు నిలవదు.

నివాస రాష్ట్రం మన ఊరి ఆదాయాన్ని కూడా అడుగుతుంది. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె మీద ఇండియాలో కట్టిన పన్నుకు ఫెడరల్ రిటర్న్‌లో ఫారం 1116తో క్రెడిట్ దొరుకుతుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా విదేశీ పన్నుకు క్రెడిట్ ఇవ్వవు. న్యూయార్క్ ఇచ్చేది కెనడా ప్రావిన్సులకు మాత్రమే. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఫెడరల్‌తో పాటు రాష్ట్రమూ అడుగుతుంది.

గడువు దాటితే

రెండు పన్నులు నిజంగా మీద పడడానికి ఇంకో కారణం ఆలస్యం. రిటర్న్ వేస్తే ఆడిట్‌కు కాలపరిమితి ఉంటుంది, సాధారణంగా 3 ఏళ్లు, కాలిఫోర్నియాలో 4. అసలు వేయకపోతే ఆ గడియారం మొదలే కాదు. ఆరేళ్ల తర్వాత కూడా పనిచేసిన రాష్ట్రం నోటీసు పంపవచ్చు. అప్పటికి నివాస రాష్ట్రంలో రిఫండ్ అడిగే గడువు ముగిసిపోయి ఉండవచ్చు. అంటే నివాస రాష్ట్రంలో పూర్తి పన్ను కట్టేశారు, పనిచేసిన రాష్ట్రంలో మళ్లీ కట్టాలి, క్రెడిట్ తలుపు మూసుకుంది. వేరే రాష్ట్రం పన్ను మార్చినప్పుడు కొన్ని చోట్ల అదనపు గడువు ఇస్తారు, అది కూడా కొద్ది నెలలే. అందుకే నోటీసు చేతికొచ్చిన వారంలోనే నివాస రాష్ట్రం రిటర్న్ సవరించే పని మొదలుపెట్టాలి. పనిచేసిన రాష్ట్రానికి డబ్బు కట్టిన రసీదు, వేసిన రిటర్న్ కాపీ రెండూ సవరణకు జత చేయాలి. క్రెడిట్ అడిగితే వాళ్లు మొదట చూసేవి అవే.